ఫిరంగి పక్కన మూడోవాడు

ఫిబ్రవరి 4

అత్తా,

ఈ పార్సిల్ విప్పగానే "డబ్బులు తగలేసింది" అని తిట్టడం మొదలుపెట్టకు. పైసా పెట్టలేదు. మా వర్క్‌షాపులో మొదటి కట్టలోంచి పనివాళ్ళకి తలా ఒకటి ఊరికే ఇచ్చారు. నా వాటా మేనత్తకే అని నీకు పంపాను. పలకంత ఉండి, కింద రబ్బరు, పైన గుడ్డ ఉన్నదాన్ని మౌస్ ప్యాడ్ అంటారు. కంప్యూటర్ లేనిదానివి నీకెందుకంటావేమో, కుట్టుమిషను పక్కన వేసుకుని దానిమీద కత్తెరా సుద్దముక్కలూ పెట్టుకో. జారవు.

దాని మీద ఉన్న ఫోటో పాతకాలపు యుద్ధానిది. పాత ఫోటోలు దాచే ప్రభుత్వ ఆఫీసు నుంచి మా యజమాని అనుమతి తెచ్చుకున్నాడు. ఫిరంగుల దగ్గర పనిచేసిన సైనికుల ఫోటోలే నలభై దాకా ఉన్నాయి. వాటిని మౌస్ ప్యాడ్ల మీదా, పెన్ స్టాండ్ల మీదా, పేపర్ వెయిట్ల మీదా వేసి అమ్ముతున్నాం. "ఏసీ గదిలో కూర్చునేవాడికి యుద్ధమంటే మహా ఇష్టం" అంటాడు మా యజమాని. నిజమే కాబోలు, ఆర్డర్లు బాగానే వస్తున్నాయి.

ఫోటోలు ఏరి, మరకలు తుడిచి, కొలతకి కత్తిరించడం నా పని. ఆ తర్వాత బొమ్మని తిరగేసి కాగితం మీద అచ్చేసి, గుడ్డమీద బోర్లా పెట్టి వేడి ప్రెస్సు కింద నొక్కుతారు. నీకు పంపినది ఈ నెల వచ్చిన కొత్త మిషను మీద చేసింది. అయిదుగురూ ఫిరంగి పక్కన నిలబడి ఎంత హాయిగా ఉన్నారో చూడు. ఎందుకో నాకు ఆ ఫోటో తెగ నచ్చింది.

ఫోను చేస్తే "ఆఁ? ఆఁ?" అనడం తప్ప నీకేమీ వినబడదు కాబట్టి ఉత్తరమే రాయి. మోకాళ్ళ సంగతి కూడా రాయి, దాచకు.

నీ కోడలుపిల్ల

ఫిబ్రవరి 11

చిట్టీ,

మోకాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. వాటి గురించి ఇంక అడక్కు.

నీ పార్సిల్ రాగానే తిట్టానే, నువ్వు రాసిందంతా చదవకుండానే తిట్టాను. అలవాటు. తర్వాత చదివి ఇంకోసారి తిట్టాను. చచ్చిపోయిన పిల్లల మొహాల మీద చెయ్యి ఆనించుకుని ఎవడో వడ్డీ లెక్కలు వేసుకుంటాడా? మీ యజమానికి తల్లీ తండ్రీ లేరా? అందులోవాళ్ళూ ఒక తల్లి పిల్లలే కదే.

సరే, ఆ మాట పక్కన పెట్టు. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చింపాను.

ఆ ఫోటోలో మూడోవాడు, నడుమ నిలబడి గుండు ఎత్తి పట్టుకున్నవాడు, మీ పెదనాన్న.

నీకు పెదనాన్న ఒకడున్నాడని తెలుసు, అంతకు మించి తెలియదు. ఇంట్లో ఆ పేరు ఎత్తనిస్తే కదా. నాకూ మీ నాన్నకీ పెద్దన్నయ్య. పంతొమ్మిదేళ్ళకి ఫిరంగిదళంలో చేరాడు. నాకు పదకొండు, మీ నాన్నకి ఆరు. చేరిన ఆరు నెలలకి ఉత్తరం వచ్చింది. చనిపోయాడని కాదు. "రెండో తేదీ నుంచి కనబడటం లేదు, శత్రువు ఎదుట పారిపోయినవాడిగా నమోదు చేశాం" అని. మీ తాత ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మర్నాడు మామూలుగా వడ్రంగం షెడ్డుకి వెళ్ళిపోయాడు. ఇక ఆ పేరు ఎత్తలేదు. మీ నాయనమ్మ మాత్రం నాలుగేళ్ళు వీధి వైపు చూస్తూ చూస్తూ పోయింది. వీధిలో పిల్లలు మమ్మల్ని "పిరికివాడి చెల్లెలు, పిరికివాడి తమ్ముడు" అని పిలిచేవాళ్ళు. తలెత్తుకు తిరగలేకపోయామే.

టోపీ నీడలో మొహం సరిగ్గా కనబడటం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఎడమచెయ్యి చూడు. చిటికెనవేలు సగమే ఉంది. మా నాన్న రంపపు మిషనులో పడి తెగిన వేలది. వాడికి పధ్నాలుగేళ్ళప్పుడు. ఆ వేలికి నెల రోజులు కట్టు కట్టింది నేనే. నా కళ్ళు మసకబారాయేమో గానీ ఆ వేలు నాకు తెలియకపోవడమేమిటి?

ఆ ఫోటో ఏ రోజు తీసిందో కనుక్కో. రెండో తేదీకి ముందుదైతే నాకు ఒక ఫోటో దొరికింది అంతే. తర్వాతదైతే మాత్రం వాడు పారిపోలేదని అర్థం. చప్పున రాయి, బతిమాలుతున్నాను. నీ అత్త ఎవరినైనా బతిమాలడం ఎప్పుడైనా చూశావా?

అత్త

ఫిబ్రవరి 17

అత్తా,

ఉత్తరం రాగానే ఫోటోల ఆఫీసుకి పరుగెత్తాను. అక్కడ రిజిస్టరు చూసే ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని, పేజీ తిప్పి, వేలు పెట్టి చూపించింది.

అదే ఏడాది, అదే నెల అయిదో తేదీ అత్తా! "అయిదో తేదీ ఉదయం, నది ఒడ్డున మూడో ఫిరంగి. పేర్లు తెలియవు. మర్నాటి యుద్ధంలో ఈ ఫిరంగి వద్ద ఉన్నవారెవరూ మిగల్లేదు." అంతే ఉంది. రెండో తేదీన పారిపోయినవాడు అయిదో తేదీన గుండు పట్టుకుని ఎలా నిలబడతాడు? ఆరో తేదీన అందరూ పోయారు కాబట్టి, ఆ తప్పుడు రాత దిద్దేవాడే లేకపోయాడన్నమాట.

నలభై ఫోటోల్లోంచి నేను అదే ఎందుకు ఏరానో ఇప్పుడు నాకర్థమైంది. రక్తం లాగింది.

ఫోటో తేదీని మా వర్క్‌షాపు కాగితం మీద టైపు చేసి, యజమాని సంతకం పెట్టించి పంపుతున్నాను. నాన్న ఉండి ఉంటే ఎంత బాగుండేది.

నీ కోడలుపిల్ల

ఫిబ్రవరి 26

నా బంగారుతల్లీ,

నీ కాగితం, నీ ప్యాడూ సంచీలో వేసుకుని హెడ్మాస్టరు గారింటికి వెళ్ళాను. మన ఊళ్ళో అమరుల గోడ కమిటీకి ఇప్పుడు ఆయనే పెద్ద. ఆ గోడ మీద నూట పదకొండు పేర్లున్నాయి. ఏటా అమరుల దినాన అక్కడ పువ్వులు పెట్టడానికి ఊరంతా వెళుతుంది. నేను మాత్రం పక్కవీధిలోంచి చుట్టూ తిరిగి బజారుకి వెళ్ళేదాన్ని. అరవై ఏళ్ళుగా ఆ గోడ ముందు నడవలేదంటే నమ్ముతావా?

ఆయన భూతద్దం పెట్టి అరగంట చూశారు. నా నోటిదాకా ఏవేవో మాటలు వచ్చాయి గానీ గుటకలు మింగుతూ కూర్చున్నాను. చివరికి తలెత్తి, "ఇన్నేళ్ళు మీ ఇంటికి అన్యాయం చేశామమ్మా" అన్నారు. అక్కడే భోరుమన్నాను. సిగ్గులేకుండా ఏడ్చాను. ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

కమిటీ ఒప్పుకుంది. మార్చి ఇరవై ఎనిమిదిన రాతిమేస్త్రి వచ్చి నూట పన్నెండో పేరు చెక్కుతాడు. నువ్వు రావాలి. సెలవు లేదు గిలవు లేదు అంటే ఊరుకోను. ఇంకో అయిదు ప్యాడ్లు పంపు, మమ్మల్ని పిరికివాళ్ళని పిలిచిన వాళ్ళు ఇంకా ముగ్గురు బతికే ఉన్నారు. వాళ్ళ బల్లల మీద పరిచి వస్తాను. నీ యజమానిని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకున్నానని చెప్పు.

నిన్న అద్దంలో చూసుకుంటే నడుం కాస్త నిటారుగా అయినట్టనిపించింది.

అత్త

మార్చి 6

అత్తా,

నువ్వు సంతోషంగా ఉన్నావు, నాకూ సంతోషమే.

అయిదు ప్యాడ్లు ఇప్పుడు పంపలేను. అవి కాస్త ఆపారు. ఎవరో పాత ఫిరంగి సైనికుడట, ఎనభై ఏళ్ళాయన, కొన్న ప్యాడ్‌ని వెనక్కి పంపించి మా యజమానికి చీవాట్లు పెడుతూ రాశాడు. "ఈ ఫిరంగి వెనక తలుపు పిడి కుడివైపు ఉంటుంది, మీరు ఎడమవైపు పెట్టారు, ఇలాంటి ఫిరంగితో మీరు కాలిస్తే మీ ఇల్లే కూలుతుంది" అని. వర్క్‌షాపులో అందరూ నవ్వారు. సరే, అది వేరే సంగతి.

అత్తా, గోడ మీద పేరు చెక్కించడం కొంచెం ఆపితే బాగుంటుందేమో. రాయి ఎక్కడికీ పోదు కదా. నేను అసలు ఫోటో ఒకసారి చూసి వస్తాను. ఎందుకైనా మంచిది. ఇన్నేళ్ళు ఆగాం, ఇంకో నెల ఆగితే ఏమవుతుంది? ఊళ్ళో అందరికీ అప్పుడే చెప్పకు.

ఇక్కడ ఎండలు ముదిరాయి. మందులు వేళకి వేసుకో.

నీ కోడలుపిల్ల

మార్చి 11

చిట్టీ,

ఏమిటీ నీళ్ళు నమలడం? "బాగుంటుందేమో", "ఎందుకైనా మంచిది", "ఎండలు ముదిరాయి". నేను నీకు ఎండల గురించి అడిగానా?

నాకర్థమైందిలే. నువ్వూ మీ నాన్న కూతురివే. వాడూ అంతే. పెద్దవాడయ్యాక ఎన్నిసార్లు అడిగాను, "తమ్ముడూ, పెద్దన్నయ్య సంగతి కనుక్కుందామా" అని. విననట్టు లేచి వెళ్ళిపోయేవాడు. పిరికివాడి తమ్ముడిగా ఉన్నందుకు సిగ్గుపడ్డాడు. పక్క పక్క ఇళ్ళల్లో ఉండి కూడా, ఆ కోపంతో నేను వాడితో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. ఇప్పుడు నీకూ వచ్చిందా ఆ సిగ్గు? ఆఫీసులో ఎవరైనా ఏమైనా అంటారనా? పెళ్ళికావలసినదానివి, పాత కంపు ఎందుకనుకున్నావా?

నాకు డెబ్భై నాలుగు. నెల ఆగమంటే ఎవరిని అడిగి ఆగను? ఇరవై ఎనిమిదినే చెక్కుతారు. వస్తే రా, లేకపోతే మానెయ్.

మేనత్త

మార్చి 16

అత్తా,

నువ్వు తిట్టినదాంట్లో ఒకటి నిజం. నీళ్ళు నమిలాను. సిగ్గుతో కాదు, భయంతో. ఇప్పుడు చెప్పేస్తాను, మధ్యలో ఆపకుండా చదువు.

గుడ్డ మీద నొక్కితే బొమ్మ తిరగబడుతుంది కాబట్టి ముందే తిరగేసి అచ్చేస్తామని రాశానా? పాత మిషను ఉన్నప్పుడు ఆ తిరగెయ్యడం నా పని. కొత్త మిషను దానంతట అదే తిరగేస్తుందని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. అలవాటుగా నేను తిప్పాను, మళ్ళీ అది తిప్పింది. రెండుసార్లు తిప్పి నొక్కేసరికి గుడ్డమీద అంతా అద్దంలో చూసినట్టు పడింది. ఎడమ కుడి, కుడి ఎడమ. చెట్లూ నదీ తిరగబడితే ఎవరికీ తేడా తెలియదు. ఎనిమిది వందల ప్యాడ్లు వెళ్ళిపోయినా ఎవరూ పట్టుకోలేదు. ఆ ముసలాయన తలుపు పిడి చూసి పట్టుకున్నాడు.

మూడు రోజుల కిందట ఫోటోల ఆఫీసుకి వెళ్ళి, ఆ ఫోటో తీసిన అసలు గాజుపలక బయటికి తీయించాను. తెగిన వేలు కుడిచేతిది. ఎడమచేతికి అయిదు వేళ్ళూ నిండుగా ఉన్నాయి.

అతను పెదనాన్న కాదు.

"ఫిరంగి తలుపులో వేలు పడనివాళ్ళు ఆ దళంలో తక్కువమ్మా" అంది రిజిస్టరు చూసే ఆవిడ.

మొదటి రోజే అసలుదీ ప్యాడూ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే సరిపోయేది. అదే నా ఉద్యోగం. చూడలేదు. రక్తం లాగిందని గొప్పలు రాశాను. పైగా సంతకం పెట్టించి కాగితం కూడా పంపాను. మిగతా ఫోటోలన్నీ కూడా చూశాను, ఏ ఒక్కదాంట్లోనూ అలాంటి ఎడమచెయ్యి లేదు.

"ఆ ఊళ్ళోవాళ్ళకి ఎలా తెలుస్తుంది, ఊరుకో" అన్నాడు యజమాని. రెండు రోజులు నేనూ అదే అనుకున్నాను. పేరు చెక్కేస్తారు, నువ్వు నిటారుగా నడుస్తావు, ఎవరికేం నష్టం? కానీ నువ్వు ఆ గోడ ముందు నిలబడి ఉంటే, పక్కన నేను ఏ మొహం పెట్టుకుని నిలబడను?

నన్ను ఏమైనా అను. ఉత్తరం రాయడం మాత్రం మానకు.

నీ కోడలుపిల్ల

మార్చి 25

చిట్టీ,

హెడ్మాస్టరు గారింటికి వెళ్ళి నీ ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, మడిచి, నాకు తిరిగిచ్చి, "పోనీలెండమ్మా. ఎవరికి తెలుస్తుంది? చెక్కించేద్దాం" అన్నారు. మంచాయన. "నాకు తెలుసు కదండీ" అన్నాను. పేరు వెనక్కి తీసుకున్నాను. రాతిమేస్త్రికి కబురు పంపారు.

నీమీద కోపం లేదు. ఉంటే ఎప్పుడో తిట్టేదాన్ని, నా సంగతి నీకు తెలియదా. చెయ్యి చూసి మోసపోయింది నేను, నువ్వు కాదు. వాడై ఉండాలని అనుకున్నాను కాబట్టి వాడే కనిపించాడు.

ఎందుకు అంతగా అనుకున్నానో ఎవరికీ చెప్పలేదు. మీ నాయనమ్మకి చెప్పలేదు, నా భర్తకి చెప్పలేదు. హెడ్మాస్టరు గారి ముందు గుటకలు మింగింది ఈ మాటే. నువ్వు తప్పు చేసి, దాచకుండా చెప్పావు. నీ అంత ధైర్యం నాకు ఈ వయసులోనైనా రాకపోతే ఎలా?

వాడు పారిపోయాడే. మిలిటరీవాళ్ళు రాసింది అబద్ధం కాదు. మూడో తేదీ మధ్యాహ్నం ఇంటికి వచ్చాడు. నాన్న షెడ్డులో ఉన్నాడు, అమ్మ పనికి వెళ్ళింది. నేనొక్కదాన్నే వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. పెరటి తలుపు దగ్గర నిలబడి "చెల్లీ" అన్నాడు. గుర్తుపట్టలేదు, అంత చిక్కిపోయాడు. "రెండు రోజులు చెక్కల వెనక పడుకుంటాను, నాన్నకి చెప్పకు. నాకక్కడ ఉండటం చేతకావడం లేదు" అన్నాడు.

అంతకు వారం ముందే ఎదురింటి అబ్బాయి పోయాడని వార్త వచ్చింది. బళ్ళో వాడి చెల్లెల్ని బల్ల మీద నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నాకు కూడా అలాంటి అన్నయ్యే కావాలి. "నీకు సిగ్గు లేదా? నువ్వు వెనక్కి వెళ్ళకపోతే నేనే వెళ్ళి బళ్ళో చెప్పేస్తాను" అన్నాను. ఈ నోటితోనే అన్నాను చిట్టీ. వాడు నవ్వాడు. మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను. అదొక్కటే ఇచ్చాను. "సరే పెద్దమనిషీ, వెళ్తాలే" అని వెళ్ళిపోయాడు. నేను తలుపు గడియ పెట్టి మళ్ళీ గిన్నెల ముందు కూర్చున్నాను. ఎటు వెళ్ళాడో కూడా చూడలేదు.

అయిదో తేదీ ఫోటోలో వాడు ఉంటే, నా మాట విని తిరిగి వెళ్ళాడని, తన తోటివాళ్ళ మధ్యే పోయాడని అర్థం. అప్పుడు నేను వాణ్ణి చావుకి పంపినదాన్ని అవుతాను, నిజమే. అయినా అదే నయమనిపించింది. ఎక్కడో ఏ కాలువ గట్టునో, ఇంట్లోవాళ్ళు తరిమేశారని అనుకుంటూ, ఒంటరిగా పోయాడేమోనన్న ఆలోచన కంటే అదే నయం. ఆ ఆలోచన నన్ను ఒక్క రోజు వదిలిపెట్టలేదు.

ఇది చదివాక నీకు నా ముఖం చూడాలనిపించకపోతే నేనేమీ అనుకోను.

అత్త

మార్చి 29

అత్తా,

నీకప్పుడు పదకొండేళ్ళు. ముందు అది గుర్తుపెట్టుకో. ఆ ఉత్తరం రాసిన ఆఫీసరు పెద్దవాడు. పేరు ఎత్తొద్దన్న తాత పెద్దవాడు. చిన్నపిల్లని బల్లమీద నిలబెట్టి చప్పట్లు కొట్టించిన మాస్టరు పెద్దవాడు. నువ్వు గిన్నెలు తోముతున్న పిల్లవి.

ఇప్పుడు నేను ఒకటి చెప్పాలి. నాలుగేళ్ళ కిందట నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు, చివరి వారంలో, జ్వరంలో ఏదేదో మాట్లాడేవాడు కదా. ఒకరోజు నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్య నన్ను భుజాల మీద ఎక్కించుకున్నాడు" అన్నాడు. వీధిలో గోళీలు ఆడుకుంటుంటే వెనక నుంచి వచ్చి ఎత్తుకున్నాడట. స్టేషను దాకా మోసుకెళ్ళి, అక్కడ దింపి, ఇంటికి పొమ్మన్నాడట. "నేను వచ్చానని ఎవరికీ చెప్పకు. అక్కకి అసలే చెప్పకు. అది మంచి పిల్ల, బెంగ పెట్టుకుంటుంది" అన్నాడట. నాన్న అది రెండుమూడుసార్లు అన్నాడు, "అక్కకి చెప్పకు, బెంగ పెట్టుకుంటుంది" అని. జ్వరం మాటలనుకుని తల నిమిరి ఊరుకున్నాను. అన్నయ్య ఎప్పుడొచ్చాడో, ఏ స్టేషనో నాకేం తెలుసు?

నాన్నది సిగ్గు కాదు అత్తా. అన్నకి మాటిచ్చాడు. ఆరేళ్ళప్పుడు ఇచ్చిన మాటని అరవై ఏళ్ళు పట్టుకున్నాడు. పెదనాన్న ఇంటికొచ్చాడన్న ఒకే సంగతిని పక్కపక్క ఇళ్ళల్లో ఉండి మీరిద్దరూ ఒకరికొకరు తెలియకుండా దాచారు.

స్టేషన్లో రైళ్ళు రెండువైపులా పోతాయి. పెదనాన్న ఎటు ఎక్కాడో నాన్నకీ తెలియదు, ఇక ఎవరికీ తెలియదు. అది నేను దిద్దలేను. కానీ తరిమేశారనుకుంటూ వెళ్ళలేదు. నీ గురించి మంచిమాట చెప్పి వెళ్ళాడు.

నిన్ను ఓదార్చడానికి కల్పించానని అనుకుంటావేమో. రక్తం లాగిందని రాసిన మనిషి మాట నమ్మడం కష్టమే. అందుకని ఒకటి అడుగుతాను. నీ ఉత్తరంలో పెదనాన్న కాళ్ళ గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు అతను బూట్లు విప్పేసి, లేసులు రెండూ కలిపి ముడేసి మెడకి వేలాడదీసుకున్నాడని నాన్న అన్నాడు. భుజాల మీద కూర్చుని ఆ లేసులే పగ్గాల్లా పట్టుకున్నాడట. అది నిజమో కాదో చెప్పగలిగినదానివి నువ్వొక్కదానివే. నిజమైతే రాయి. కాకపోతే కాదని రాయి.

వచ్చే నెల రెండో శనివారం బస్సుకి వస్తున్నాను.

నీ కోడలుపిల్ల

ఏప్రిల్ 3

చిట్టీ,

నిజమే. మెడలోనే ఉన్నాయి. వంగి నీళ్ళు తాగుతుంటే చెంబుకి తగిలి చప్పుడు చేశాయి. నీ ఉత్తరం చదివేదాకా అది నాకే గుర్తులేదు.

ఇంతసేపూ పెద్దవాడి కోసం ఏడుస్తున్నాననుకున్నాను. కాదే. చిన్నవాడి కోసం. మా ఇంటి గోడకి అవతలే ఉన్నాడు, ఎన్ని వేల రోజులు ఉన్నాడు. ఒక్కసారి వాణ్ణి కూర్చోబెట్టి నేను ముందు చెప్పి ఉంటే, వాడూ చెప్పేవాడు.

శనివారం దాకా ఆగలేను. వీలైతే ఈ ఉత్తరం అందిన మర్నాడే రా.

అత్త